ఓబులమ్మ ఇనుపనీళ్ళు

మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో తెల్లమట్ల అని ఒక ఊరుండేదంట. ఆ ఊరి మన్ను సున్నం కలిపినట్టు తెల్లగా ఉండేది. బావినీళ్ళు కాచిన కుండకు అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. ఆ మన్నులోనే మల్లెతోటలు వేసి, పూలమ్ముకుని ఊరంతా బతికేది.

ఊరి చివర బట్టలకు రంగులద్దే కొట్టం ఒకటి. అందులో కుండలు కడిగే పని ఓబులమ్మది. ఆమెకు మొగుడు లేడు, బిడ్డల్లేరు, జానెడు నేల లేదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి మూడు వారాలు పులియబెడితే నల్లరంగు తయారవుతుంది. ఆ కుండలు కడిగీ కడిగీ ఆమె చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

ఒక ఏడు మల్లెలకు తెగులొచ్చింది. చిగురాకులు పాలిపోయి పసుపురంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మొగ్గ తొడగలేదు.

తోటలవాళ్ళకు పెద్ద కదిరప్ప. నీళ్ళు ఎక్కువ పెట్టమన్నాడు. పెట్టారు. ఆకు ఇంకా పాలిపోయింది. బూడిద చల్లమన్నాడు. చల్లారు. ఆకు ఇంకా పాలిపోయింది. మంత్రగాణ్ణి పిలిపించి వేపమండలు కట్టించాడు. ఆకు ఇంకా పాలిపోయి, అంచులు మాడాయి.

"వచ్చే అమావాస్యకు చెట్లు పీకేద్దాం. వేరే ఊరు చూసుకుందాం" అన్నాడు కదిరప్ప.

ఆ మాట ఓబులమ్మ చెవిన పడింది. ఆమె చింతపండుతో కుండలు తోమి కడిగిన నీళ్ళు పారబోసే చోట, ఎవరో విసిరేసిన మల్లెకొమ్మ వేరుపట్టి నిగనిగలాడుతోంది. ఆమె రోజూ చూస్తూనే ఉంది. తను చెబితే ఎవరు వింటారులే అని ఊరుకుంది. ఇప్పుడు ఊరే ఖాళీ అవుతుందంటే కదిరప్ప దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, మా కుండనీళ్ళు చెట్లకు పోసి చూస్తాను" అంది.

"రంగునీళ్ళా! ఉన్న ప్రాణం కూడా పోతుంది."

"మా కుండలో ఉండేది బెల్లం, ఇనుము. బెల్లం చీమలు తినిపోతాయి. చెట్టు తినేది ఇనుమే అయ్యుండాలి. ఎట్లాగూ పీకేసేవే కదన్నా, మూడు చెట్లియ్యి."

కదిరప్ప తోటలో వరుసల చివరికి నడిచాడు. మూడు చెట్లు చూపించాడు.

మొదటి చెట్టుకు నల్లనీళ్ళు చిక్కగా పోసింది. మూడోనాటికి చెట్టు మాడిపోయింది. పూలు కోసే ఆడవాళ్ళు నవ్వారు.

రెండో చెట్టుకు బావినీళ్ళు కలిపి పోసింది. వారమైనా ఆకు మారలేదు. ఆడవాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

ఓబులమ్మ కడవలోకి తొంగిచూసింది. బావినీళ్ళు తగలగానే ఇనుమంతా తుప్పుమడ్డిగా అడుక్కు దిగింది. 'ఈ సున్నమే ఇనుమును పట్టేసుకుంటోంది. చెట్టుదాకా పోనీయడంలేదు' అనుకుంది. కుండకు పట్టిన సున్నపు పెచ్చు చింతపండుకు లొంగుతుందని కుండలు కడిగే మనిషికి తెలియదా! ముందు బావినీళ్ళలో చింతపులుసు పిండింది. తర్వాత నల్లనీళ్ళు కొంచెం కలిపింది. మడ్డి దిగలేదు. చల్లపొద్దున మూడో చెట్టు మొదట్లో పోసి, ఆకుల మీద చిలకరించింది.

పాత ఆకులు అట్లాగే ఉన్నాయి. ఎనిమిదోనాడు కొత్త చిగురు వేసింది. పచ్చటి చిగురు.

కదిరప్ప వచ్చి ఆ ఆకును ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"ఎంత పోయాలి, ఓబులమ్మా?" అన్నాడు. ఆయన ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

"కడవకు గరిటెడు. అంతకు మించొద్దన్నా. మొదటి చెట్టు చూశావు కదా."

ఆ ఏడు ఎవరూ ఊరు వదల్లేదు. మళ్ళీ మల్లెలు పూశాయి. ఓబులమ్మ మళ్ళీ కుండలు కడుక్కుంది. ఏటేటా జనం వచ్చి నల్లనీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. ఆమె పోసేది. అంతకుమించి ఆమె దగ్గర కూర్చున్నవాళ్ళు లేరు.

ఒక ఎండాకాలం ఉదయం కొట్టంలో ఆమె లేవలేదు. కొట్టంవాళ్ళు పాడె కట్టారు. మోయడానికి నలుగురు చాలనుకున్నారు. ఇంతలో కదిరప్ప సంతకు పోవలసిన పూలగంపను తెచ్చి పాడె మీద కుమ్మరించాడు. ఆయన వెనక ఇంకొక గంప వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ రోజు తెల్లమట్ల నుంచి సంతకు ఒక్క పువ్వూ పోలేదు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మల్లెతోటల్లో ప్రతి వరుసకూ చివరి చెట్టు పూలు అమ్మరంట. తోటలేని వాళ్ళెవరైనా వచ్చి కోసుకుపోవచ్చు. తెలియనివాళ్ళు జంకుతూ నిలబడితే, తోటవాళ్ళే పిలిచి చెబుతారు: "అది ఓబులమ్మ చెట్టు. కోసుకో తల్లీ."