నిష్ఠాలమ్మ ఓరచూపు

గుండ్లమడుగు కొండ మీద నిష్ఠాలమ్మకు ఎదురుగా నిలబడితే అమ్మవారి ముఖం సగమే కనిపిస్తుంది. మిగతా సగం గోడవైపు తిరిగి ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు తమ వల్ల ఏ అపచారం జరిగిందోనని లెంపలు వేసుకుంటారు. కంగారు పడనక్కరలేదు. అమ్మవారి అలక మీ మీద కాదు.

‘ఏకనిష్ఠ’ అనే మాటకు ఒక్కచోటనే నిలిచిన బుద్ధి అని పండితులు అర్థం చెబుతారు. కావ్యాలలో ఆ మాటను భక్తులకు వాడారు, ఇల్లాండ్రకు వాడారు, ఏలిక కోసం ప్రాణమిచ్చిన బంట్లకు వాడారు. మా కొండ మీద మాత్రం దానిని దేవతకు వాడతాము. ఆ కథ ఇది.

పూర్వం ఇక్కడ కొండ కింద పుల్లన్న అనే మేదరి గంపలు అల్లుకుని బతికేవాడు. రోజూ తెల్లవారగానే తంగేడు పూలు కోసి, కొండెక్కి అమ్మవారికి పెట్టేవాడు. ఆ తరువాతే కత్తి పట్టి వెదురు చీల్చేవాడు. పదకొండేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. అప్పట్లో అమ్మవారికి పూజారి లేడు, వేరే భక్తులూ లేరు. పుల్లన్న అడుగుల చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించి కూర్చునేది.

పన్నెండో ఏట అతని భార్య సుంకమ్మకు కాళ్లు పడిపోయాయి. ఆమెను లేపాలి, కడగాలి, గంజి తాగించాలి. పుల్లన్న కొండెక్కేసరికి సాయంత్రమయ్యేది. అమ్మవారు కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒకనాటి ఉదయం ఉండబట్టలేక కిందికి తొంగి చూసింది. పుల్లన్న భార్యకు తల దువ్వి, అప్పుడే కోసిన తంగేడు పూలు ఆమె కొప్పులో తురుముతున్నాడు. అమ్మవారికి ఒళ్లు మండిపోయింది. అసూయ పడడంలో దేవతలు మనకంటే తక్కువేమీ కాదు.

ఆ మధ్యాహ్నం పనిలో కునుకు తీసిన పుల్లన్నకు కలలో కనిపించి, “మొదటి పూలు నావి. రేపు పొద్దున్నే తేకపోతే ఇక నీ ముఖం చూడను” అన్నది.

పుల్లన్న ఆ చూపు కోసమే పదకొండేళ్లు కొండెక్కినవాడు. అయినా మర్నాడు సాయంత్రానికి గానీ రాలేకపోయాడు. విగ్రహం పూర్తిగా గోడవైపు తిరిగి ఉంది. అతను ఏడుస్తూ ఆమె వీపు వెనకే పూలు పెట్టాడు.

“ఆమెనిడిసిపెట్టి నీ కాడికొస్తే నాకు ఇడిసిపెట్టేది అలవాటయితాది తల్లీ. అది నేర్సినోడు రేపు నిన్ను మాత్రం ఇడిసిపెట్టడా?” అని, గంజి వేళ అయిందని దిగిపోయాడు.

అమ్మవారి అలక పోలేదు. కానీ మరుసటి సాయంత్రం అడుగుల చప్పుడు వినపడగానే ముఖం సగం ఇటు తిరిగింది.

తొమ్మిదేళ్లకు సుంకమ్మ పోయింది. ఇక అడ్డెవరూ లేరనుకుని అమ్మవారు మళ్లీ కలలోకి వచ్చి, “ఇప్పుడైనా పొద్దున్నే వస్తావా?” అని అడిగింది.

“పొద్దుటి పూలు ఆమెవి తల్లీ. సమాధి కాడ పెట్టొస్తా. మాపటేల నువ్వుంటావు గదా” అన్నాడు పుల్లన్న.

చనిపోయిన మనిషితో ఏమని పోటీ పడుతుంది? అమ్మవారు కుమిలిపోయింది. కోపగించి ఇంకో కొండకు వెళ్లిపోయినా అడిగేవారు లేరు. అయినా “ఉంటాను” అన్నది.

నేటికీ ఈ గుడి తలుపులు సాయంత్రమే తెరుస్తారు. ఉదయం కోసిన పూలు ఇక్కడ స్వీకరించరు. వాటిని ఇంట్లో మంచం పట్టినవారికి పెట్టి, వారి పనులన్నీ చూసుకుని, తీరికగా రండి. అలా వచ్చినవారి ఇంట ఎడబాటు ఉండదని నమ్మకం. మొదటి పూలు ఎన్నటికీ తనవి కావని తెలిసి, అసూయతో రగిలిపోతూ కూడా రోజూ సాయంత్రం దాకా కాచుకున్నందుకే మా పెద్దలు పుల్లన్నను కాదని ఏకనిష్ఠ అనే మాటను ఆమెకిచ్చి, నిష్ఠాలమ్మ అన్నారు.