నక్క మాస్టారి నూటికి నూరు

గాడిద కథ గాడిదే చెప్పుకోవాలి. కానీ నల్లవాగు అడవిలో బూడిదయ్య అనే గాడిదకి మూటలు మోయడంతోనే పొద్దు గడిచిపోయేది గనక, ఈ కథ చెప్పే పని అతనికంటే కాస్త తక్కువ తెలివున్నవాడి మీద పడింది. తప్పులు దొర్లితే అవి గాడిదవి కావు.

వాగుకి ఈ పక్క పల్లం. అడవి జనమంతా ఉండేది అక్కడే. ఆ పక్క గుట్ట. గుట్ట మీద రాతిగోడ, గోడ లోపల కళాశాల. దాన్ని నడిపేది గజలక్ష్మమ్మగారనే ముసలి ఏనుగు. అందరూ పెద్దమ్మగారనే పిలిచేవాళ్ళు. వానలు ఎగ్గొట్టిన ఏడు నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయో, ఏ నొప్పికి ఏ ఆకు నూరాలో, గాలి వాసన పట్టి గాలివాన ఎప్పుడొస్తుందో అక్కడ నేర్పుతారు. పల్లంలో బడి చదువు ముగించిన పిల్లలు వేసవి చివర గుట్టెక్కి ఆవిడ ముందు నిలబడాలి. ఆవిడ చూస్తుంది, అడుగుతుంది, చేర్చుకుంటుంది. లేదా దింపేస్తుంది.

దింపేసిన వాళ్ళ మూటలు మోసేది బూడిదయ్య. నెగ్గినవాడు లోపలికి పోయి మళ్ళీ కనపడడు, ఏం చెప్పి నెగ్గాడో ఎవరికీ చెప్పడు. ఓడినవాడు మాత్రం గుట్ట దిగినంతసేపూ తనేమన్నాడో, ఆవిడేమందో గాడిద చెవిలో పోస్తూనే ఉంటాడు. చెవులు పెద్దవి కావడంతో బూడిదయ్యకి అన్నీ పట్టాయి. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "వాసన తెలీదు గానీ బరువు తెలుసండీ" అనేవాడు.

పల్లంలో చదువంటే జంబుకం మాస్టారు. నక్క. ఆయన గుహ ముందు టేకాకులు కుట్టిన పెద్ద బోర్డు వేలాడుతూ ఉండేది. దాని మీద "నూటికి నూరు మనదే" అన్న మాట, కింద గుట్టెక్కిన పిల్లల బొమ్మలు. నిరుడు నెగ్గిన ఉడుత ఆ గుహ గడప తొక్కనేలేదని ఉడుత వాళ్ళమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

"నా గుహ మీది చెట్టులోనే కదమ్మా మీ కాపురం," అన్నాడు మాస్టారు. "పాఠం వినపడే ఉంటుంది."

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు అంటే అదే.

ఆయన బోధనలో మర్మమేమీ లేదు. పెద్దమ్మగారు పోయినేడు అడిగిన ప్రశ్నలు ఏరుకొచ్చి, వాటికి జవాబులు అల్లి, తెల్లారింది మొదలు పిల్లలందరి చేతా ఒకే గొంతుతో వల్లె వేయించడం. ఆ గోలకి గుహలో గబ్బిలాలు ఇల్లు ఖాళీ చేసి పోయాయి.

ఆ గుంపులో మబ్బి అనే పడ్డ, అంటే ఇంకా ఈనని గేదె పిల్ల, ఉండేది. గేదెల మందలో ఇంతవరకూ ఎవరూ ఆ రాతిగోడ లోపల అడుగు పెట్టలేదు. పోయిన వేసవిలో వాగూ బురదగుంటా ఎండిపోతే, నీళ్ళు ఎటున్నాయో చెప్పేవాళ్ళు లేక మంద అడవంతా తిరిగింది. మబ్బి వాళ్ళ తాత నడవలేక బీటలు వారిన మట్టిలోనే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. నీళ్ళ జాడ నేర్చుకుని తీరతానని ఆ రోజే పట్టు పట్టింది మబ్బి.

పరీక్ష దగ్గర పడుతుండగా మాస్టారు మబ్బి వాళ్ళమ్మ ఈరమ్మని పిలిపించాడు.

"అమ్మా ఈరమ్మా, మీ అమ్మాయి బంగారం."

"మీ నోటి చలవ మాస్టారూ."

"బంగారాన్ని ఎక్కడ పెడతాం? పెట్టెలో పెట్టి మూత వేస్తాం. ఈ ఏడు గుట్టెక్కించకండి. ఇంట్లోనే ఉంచండి."

"అదేంటండీ? పొద్దున్నే చెంబెడు పాలు మీ గుహలోనే పోస్తన్నాగా."

"పాలకేం వంక లేదు, చిక్కగానే ఉన్నాయి. పిల్లతోనే చిక్కు. నేనొక జవాబు చెబితే తను రెండు ప్రశ్నలు వేస్తుంది. ఆ రెండూ నమిలి, మింగి, మర్నాడు మూడోది తెస్తుంది. ఇది పోయి అక్కడ తప్పితే నా నూటికి నూరు ఏం కావాలి?"

"నా పిల్ల ఏం కావాలి?"

"దున్నపోతు మీద వాన అని పెద్దలు ఊరికే అన్నారా అమ్మా? మీ జాతికి గుట్ట పడదు, బురద పడుతుంది." అని లోపలికి పోయి వల్లె మొదలెట్టించాడు.

ఈరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకి వచ్చింది. బూడిదయ్య నీళ్ళు తాగుతున్నాడు.

"అన్నా, దీన్ని మాస్టారు వద్దన్నాడు. నువ్వు కాస్త చదువు చెప్పకూడదూ?"

"చెల్లెమ్మా, నీకు మతి చెడిందా? నేను గాడిదని. నేను చదువు చెబితే నవ్వడానికి ఈ అడవి సరిపోదు, పక్క అడవి నుంచి అరువు తెచ్చుకోవాలి."

"నవ్వేవాళ్ళు తాతకి నీళ్ళు తెచ్చారా మావయ్యా?" అంది మబ్బి.

బూడిదయ్య చెవులు రెండూ వాలిపోయాయి.

"చూడు తల్లీ," అన్నాడు చివరికి. "నాకు జవాబులు రావు. గుట్ట దిగేవాళ్ళ మూటలు మాత్రం మోశాను. పక్కబట్టలు, పచ్చడి జాడీ ఎవరివి వాళ్ళవే గానీ, అందరి మూటల్లోనూ ఒకటి మాత్రం ఉండేది. 'తెలుసు' అన్న మాట. ఆవిడ ఏమడిగినా తెలుసన్నారట. బరువంతా దానిదే."

"నాకేమో ఏదీ తెలీదు."

"అది పెట్టుబడి. ఇక నుంచి రోజూ నా దగ్గరికి ఒక ప్రశ్నతో రా. జవాబు తెచ్చావంటే తంతాను. నా తన్ను సంగతి మీ అమ్మనడుగు."

మర్నాటి నుంచి వాగు ఒడ్డునే బడి. మబ్బి ప్రశ్న తెచ్చేది, బూడిదయ్య తల అడ్డంగా ఊపేవాడు. "నాకు తెలీదు. ఎవరికి తెలుస్తుంది? పోయి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు." మబ్బి చీమలపుట్ట దగ్గరికి పోయి అడిగేది, కొంగని అడిగేది, ముళ్ళపంది కసిరితే ఓపిగ్గా మళ్ళీ అడిగేది. విన్నదంతా సాయంత్రం పడుకుని నెమరు వేసేది.

"మాస్టారు దీన్నే మొద్దుతనం అన్నాడు మావయ్యా."

"ఆయనకి నెమరేసే పొట్ట లేదుగా, అసూయ. మింగింది మళ్ళీ పైకి తెచ్చి నమలడం అందరికీ ఇచ్చాడా దేవుడు?"

ఒక్క ప్రశ్నలే కాదు. వాగు ఒంటరిగా దాటించాడు. అమ్మ లేకుండా అవతలి ఒడ్డున పడుకోబెట్టాడు. గుట్ట మీద నీ మేత నువ్వే వెతుక్కోవాలి, నీ మూట నువ్వే కట్టుకోవాలి, బెంగొస్తే పక్కవాడితో చెప్పుకోవాలి అని నేర్పాడు. మొదటిరోజు మబ్బి చీకటి పడకుండానే వాగు దాటి అమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చేసింది. బూడిదయ్య మర్నాడు మళ్ళీ పంపాడు. చూసి చూసి కొమ్ములు మొలవని దూడలు కూడా వెనకే చేరాయి.

"వీళ్ళకి ఇంకా చాలా ఏళ్ళున్నాయి కదన్నా," అంది ఈరమ్మ.

"ఇప్పుడే మొదలెట్టాలి చెల్లెమ్మా. కొమ్ములొచ్చాక తల వంచడం కష్టం."

పరీక్ష రోజు వచ్చింది. గోడ గుమ్మం ముందు ఒక బండ, బండ మీద మట్టి కొట్టుకున్న వికారపు దుంప ఒకటి. పక్కన గజలక్ష్మమ్మగారు. జంబుకం మాస్టారు తన పిల్లల్ని వరసలో నిలబెట్టి మీసాలు దువ్వుకుంటున్నాడు. ఆయన వార్తలు మోసే కాకి చెట్టెక్కి కూర్చుంది. చివర మబ్బి, ఈరమ్మ, బూడిదయ్య.

మొదట కుందన అనే కుందేలు పిల్ల వెళ్ళింది.

"ఇదేమిటమ్మాయ్?" అంది పెద్దమ్మగారు.

పోయినేడు అక్కడ పెట్టింది రేగుపండు. గుహలో వల్లె వేసిందీ రేగుపండే. "రేగుపండండీ. పైత్యానికి మంచిదండీ," అంది కుందన గుక్క తిప్పుకోకుండా.

"ఒకసారి వాసన చూస్తావా?"

"అక్కర్లేదండీ. తెలుసండీ."

తరవాత లేడిపిల్ల. రేగుపండండీ. దుప్పిపిల్ల. రేగుపండండీ. కోతిపిల్ల దుంపని కాస్త అనుమానంగా చూసింది గానీ, వెనక మాస్టారు గొంతు సవరించేసరికి అదీ రేగుపండే అంది. పెద్దమ్మగారు అందరినీ గోడ పక్కన కూర్చోమంది.

మబ్బి వంతొచ్చింది.

"ఇదేమిటి?"

"తెలియదండీ."

మాస్టారు పకాలున నవ్వాడు. "చెప్పానా ఈరమ్మా? పెట్టెలో పెట్టమంటే వింటివి కాదు."

"తెలియకపోతే ఇంటికి పో మరి," అంది పెద్దమ్మగారు.

మబ్బి వెనక్కి చూసింది. బూడిదయ్య ఆకాశంలోకి చూస్తున్నాడు, తనకేమీ సంబంధం లేనట్టు.

"పోతానండీ," అంది మబ్బి. "తెలుసుకుని పోతాను. ఇది ఎక్కడ దొరికిందండీ?"

"గుట్ట వెనకాల. రాళ్ళ సందులో."

"అక్కడ ఇంకేం మొలుస్తాయండీ?"

"ఏమీ మొలవవు. అంతా ఎండు."

"మరి ఇదెందుకు ఎండలేదు? కొరికి చూడొచ్చా? విషం కాదుగా?"

"ఆ చివరి మాట అడిగావు గనక కొరకొచ్చు."

మబ్బి చిన్న ముక్క కొరికి, అక్కడే కాళ్ళు ముడుచుకుని పడుకుని నెమరు మొదలెట్టింది.

"నిద్రపోతోంది," అన్నాడు మాస్టారు. "గుమ్మం ముందు నిద్ర. జాతి లక్షణం."

"మాస్టారూ, కాస్త సద్దు చేయకండి," అంది పెద్దమ్మగారు. "పిల్ల చదువుకుంటోంది."

మబ్బి లేచింది. "చేదుగా ఉందండీ. పైన ఎండు, లోపలంతా నీళ్ళు. చుట్టూ ఎండిపోయినా దీనికి నీళ్ళున్నాయంటే, దీని వేళ్ళకి కింద ఎక్కడో తడి తగిలి ఉండాలి. పేరు మాత్రం ఇంకా తెలియదు. ఇది మొలిచిన చోట తవ్వితే నీళ్ళు పడతాయాండీ? చెప్పరూ?"

పెద్దమ్మగారు చాలాసేపు మబ్బి మొహంలోకి చూసింది. "చెబుతాను. నాలుగేళ్ళు పడుతుంది. లోపలికి రా."

ఈరమ్మ ఏడవాలో నవ్వాలో తెలియక గట్టిగా తుమ్మింది.

"ఎవరమ్మాయ్ నీకు చదువు చెప్పింది?" అని అడిగింది పెద్దమ్మగారు.

మబ్బి నోరు తెరిచేలోపు జంబుకం మాస్టారు ముందుకి దూకాడు. "మన పిల్లేనండీ. చిన్నప్పటి నుంచీ నా గుహలోనే." చెట్టు మీద కాకికి సైగ చేశాడు. కాకి అప్పటికే "మొదటి సీటు మనదే, మాస్టారి శిష్యురాలు మబ్బి" అని అరుస్తూ పల్లం వైపు ఎగిరిపోయింది.

మబ్బి కొమ్ములు దించి ఒకడుగు వేసింది. బూడిదయ్య అడ్డం వచ్చాడు.

"ఊరుకో తల్లీ. పెద్దమ్మగారూ, అందులో అబద్ధం లేదండీ. మాస్టారు గెంటకపోతే ఈ పిల్ల నా దగ్గరికి వచ్చేది కాదు. ఆ గొప్ప ఆయనదే. మర్యాద ఆయనకే జరగాలి."

"అన్నా, నీకేం పట్టింది?" అంది ఈరమ్మ కోపంగా.

బూడిదయ్య ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "మూటల కోసం ఈ గోడ బయట పడిగాపులు పడ్డవాణ్ణి చెల్లెమ్మా, లోపలి ఆచారాలు నాకు తెలుసు. మొదట చేరిన పిల్లకి చదువు చెప్పినవాడే మొదటి పాఠం చెప్పాలి. లోపల ఎత్తుబండ ఎక్కి కూర్చోవాలి. పిల్లలు ఏదైనా అడగొచ్చు. జవాబైనా చెప్పాలి, తెలియదనైనా అనాలి. రెంటిలో ఒకటి జరిగేదాకా బండ దిగడానికి లేదు."

ఈరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ రెండో మాట ఆయన నోట వస్తుందా?"

"అదే చూద్దాం పద."

మాస్టారి మెడలో అడవిమల్లెల దండ పడింది. తోక బుసబుసా పొంగించుకుని లోపలి ఎత్తుబండెక్కి కూర్చున్నాడు. కింద పాత పిల్లలు, కొత్తగా మబ్బి. తప్పిన పిల్లలు గోడ మీద నుంచి తలలు పెట్టి చూస్తున్నారు.

"అడగండి అడగండి," అన్నాడు మాస్టారు చెయ్యూపుతూ.

"మాస్టారూ," అంది మబ్బి, "ఆ దుంప పేరేమిటండీ?"

"అదా... అది పై తరగతిలో వస్తుంది."

"జవాబు కాదు," అంది పెద్దమ్మగారు.

"పేరుదేముందమ్మా, పేరు ముఖ్యం కాదు."

"పోనీ, దాని వేళ్ళు ఎంత లోతుకి పోతాయండీ?"

"అది పరీక్షలో రాదు."

"జవాబు కాదు," అంది పెద్దమ్మగారు మళ్ళీ.

గోడ మీద నుంచి కుందన చెయ్యెత్తింది. "మాస్టారూ, అది రేగుపండే అయితే లోపల గింజేదండీ?"

సొంత శిష్యురాలు అడిగిన ఆ మాటకి మాస్టారి తోక సగం దిగింది. ఎండెక్కింది. బండ వేడెక్కింది. మాస్టారు ఒక తుంటి మీద నుంచి ఇంకో తుంటి మీదకి మారాడు. గొంతు సవరించాడు. పోయినేడు ప్రశ్నలన్నీ మనసులో తిరగేశాడు, ఒక్కటీ పనికి రాలేదు. దిగడానికి కాలు చాచాడు. పెద్దమ్మగారు తొండం అడ్డం పెట్టింది. దండలో మల్లెలు వాడి ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"మాస్టారూ," అన్నాడు బూడిదయ్య గోడవతల నుంచి, మెల్లగా. "నాలుగు అక్షరాలండీ. నేను రోజూ అంటూనే ఉంటాను, ప్రాణం పోలేదు."

"తె..." అన్నాడు మాస్టారు.

"వినపడలేదు," అంది పెద్దమ్మగారు.

"తెలియదు."

అన్నాక ఆయన మొహం విచిత్రంగా మారింది. పంటికింద రాయి తీసేస్తే ఎలా ఉంటుందో అలా. గోడ మీద కుందన వెంటనే, "మాకూ తెలియదండీ, మళ్ళీ అడగండి," అంది. లేడిపిల్లా, దుప్పిపిల్లా, కోతిపిల్లా ఒక్కసారిగా అదే మాట అన్నారు. ఈసారి అది వల్లె కాదు.

"అయితే రేపు పొద్దున్నే మళ్ళీ రండి, కొత్తది పెడతాను," అంది పెద్దమ్మగారు. నక్క వైపు తిరిగింది. "మీరు దిగండి మాస్టారూ. ఇందాకటిదాకా మీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడుంది. చివరి వరసలో చోటు ఖాళీ."

జంబుకం మాస్టారు తల వంచుకుని వెళ్ళి మబ్బి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మోచేత్తో మబ్బిని మెల్లగా పొడిచి, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "ఇంతకీ ఆ దుంప ఏమిటే అమ్మాయ్?"

నీతి: తెలుసన్నవాడికి గుమ్మమే గోడ, తెలియదని అడిగినవాడికి గోడైనా గుమ్మమే.