పద్నాలుగు పొటాషియం ఉన్న మనిషి

లూర్దమ్మ చేతిలో ఉన్న కాయితం ప్రకారం చేపల నూకరత్నం ఈపాటికి చచ్చిపోయి ఉండాలి.

మూడున్నరకీ అయిదుకీ మధ్య ఉండాల్సిన పొటాషియం పద్నాలుగు చూపిస్తోంది. కాల్షియం ఉందా లేదా అన్నట్టుంది. అలాంటి రక్తంతో గుండె కొట్టుకోదని ల్యాబులో చేరి ఏడాదైనా కాని లూర్దమ్మకీ తెలుసు. ఆమె గుండె మాత్రం ఇద్దరి వంతూ తనే కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకి గోడల సున్నం రాలుతోంది.

"సిస్టర్! డాక్టరుగారికి చెప్పేస్తాను. వెంటనే డ్రిప్పు పెట్టి మందులెక్కిస్తారు!"

సిస్టర్ ఇన్నాసమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. ఆ మిషన్ ఆస్పత్రి ల్యాబులో ఆవిడది నలభై ఏళ్ళ కొలువు. ఆవిడ చూసినంత రక్తం జిల్లాలోని దోమలన్నీ కలిసినా చూసి ఉండవు. కాయితం తీసుకుని పైనుంచి కిందికి చదివింది.

"పద, చూసొద్దాం," అంది.

"ఎవర్ని సిస్టర్?"

"చచ్చిపోయినావిడని."

చచ్చిపోయినావిడ వరండా బల్ల మీద కూర్చుని, క్యాంటీను వాడితో తగువాడుతోంది. "దీన్ని ఇడ్డెనంటారేట్రా? దీంతో ఒక్కటేస్తే సొరసేప సచ్చూరుకుంటాది!" ఆ గొంతుకి నడిసముద్రంలో పడవలు నాలుగు వెనక్కి తిరిగుంటాయి.

లూర్దమ్మని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "ఇదిగో సిస్టరమ్మా, ఈ పిల్లే! ఒక్క పోటుకి రగతం లాగేసింది. సీమ కుట్టినట్టు కూడా నేదు!"

అంత గండంలోనూ లూర్దమ్మ పెదవి కొస కాస్త నవ్వింది. సిస్టర్ ఆ నవ్వు చూసింది. నూకరత్నం మణికట్టు పట్టుకుని, లూర్దమ్మ వేళ్ళు తెచ్చి నాడి మీద పెట్టింది.

"ఎలా ఉంది?"

"గడియారంలా ఉంది సిస్టర్."

ల్యాబులోకి తిరిగి రాగానే సిస్టర్ రక్తం పట్టే కొత్త ఊదామూత గొట్టం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీ."

"అడుగున చూడు."

"రక్తం గడ్డకట్టకుండా వేసే మందు."

"ఏం మందు?"

"పొటాషి..."

మాట అక్కడే ఆగిపోయింది.

పొద్దున్న సిరంజిలోని రక్తం ఊదామూత గొట్టంలో ఎక్కువా, పొటాషియం చూసే, మందు లేని ఎర్రమూత దాంట్లో తక్కువా పడింది. ఇంకోసారి గుచ్చాల్సింది. నాలుగు నెలల్లో లూర్దమ్మ ఎవర్నీ రెండోసారి గుచ్చి ఎరగదు. ఆ ఖ్యాతి ఆస్పత్రి దాటి, ఊరు దాటి, పొలిమేర కుక్కలకి కూడా తెలుసు. అందుకని ఊదాలోంచి కాస్త ఎర్రలోకి వంపేసింది. ఎవరూ చూడలేదు.

"కాల్షియాన్ని మింగేసిందీ ఈ మందే," అంది నేలకేసి చూస్తూ.

సిస్టర్ తిట్టలేదు. ట్రేలో కొత్త సిరంజీ, రబ్బరు పట్టీ, స్పిరిటు దూదీ సర్ది ఆమె చేతికిచ్చింది.

లూర్దమ్మ వరండాలోకి వెళ్ళి, బల్ల ముందు కూర్చుంది. "నూకరత్నమ్మా, ఇంకోసారి గుచ్చాలి. తప్పు నాదే."

"నీ సేతికేటైందే? పొద్దున్న బాగానే ఉందిగదా!"

"చెయ్యి బాగానే ఉందమ్మా."

నూకరత్నం ఆమెని ఎగాదిగా చూసి, చెయ్యి చాపింది. "కానీ మరి. ఆ ఇడ్డెన్లు తిన్న రగతం, రాయైపోయుంటాది. సూదిరిగిపోగల్దు, సూసుకో!"

ఎర్రమూత గొట్టంలో రక్తం గడ్డకట్టడానికి అరగంట. ఆ అరగంట ఈస్టరు ముందు ఉపవాసాలుండే నలభై రోజుల శ్రమల కాలం కన్నా పొడుగ్గా సాగింది. తర్వాత రక్తాన్ని వేరుచేసే యంత్రంలో గొట్టం గిర్రున తిరిగింది. పైకి తేరిన పసుప్పచ్చ నీరు పరీక్ష చేసే మిషన్లోకి వెళ్ళింది. లూర్దమ్మ ఊపిరి బిగబట్టింది.

పొటాషియం నాలుగు పాయింట్ రెండు. కాల్షియం తొమ్మిదిన్నర.

వదిలిన ఊపిరికి బల్ల మీది కాయితాలన్నీ ఎగిరి కిందపడ్డాయి. వాటిని ఏరుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"సిస్టర్, ఇన్నాళ్ళూ నేనెవర్నీ రెండుసార్లు గుచ్చలేదు."

"హమ్మయ్య, ఆ పీడ వదిలింది," అంది సిస్టర్ ఇన్నాసమ్మ. "ఇక పని నేర్చుకో."