తాతగారి నూరు చెండ్లు

ఒకానొక రాజ్యంలో రాజుగారికన్నా రాజుగారి తాతే ఎక్కువగా పరిపాలించేవాడు. ఆ తాత పోయి అరవై ఏళ్ళు దాటింది. అయినా పెత్తనం ఆయనదే.

ఆ రాజ్యం కొండవల్లి. రాజు ముమ్మడి భూపతి. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పప్పు రుచిగా ఉంటే "మా తాతగారి కాలంలో పప్పు చూడాలి" అనేవాడు. వాన కురిస్తే "ఇదీ ఒక వానేనా, మా తాతగారి కాలంలో కురిసేవి వానలు" అనేవాడు. కొలువులో వాళ్ళంతా తలలూపేవారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఆ వానలో తడిసినవాడు కాదు.

అందరికన్నా గట్టిగా తల ఊపేవాడు కాచన. కొలువులో నవ్వించడం అతని పని. గురువు దగ్గర కూర్చుని చదివింది లేదు. గుడి గోడల మీది శాసనాలు కూడబలుక్కుని తనంతట తనే అక్షరాలు నేర్చుకున్నాడు. "అందుకే నా మాట కూడా శాసనంలాగే దానంతో మొదలై శాపంతో ముగుస్తుంది" అని తన మీద తనే ఛలోక్తి వేసుకునేవాడు.

కొండవల్లి ప్రజలకు గంపచెండంటే ప్రాణం. మైదానంలో రెండు నిలువుల ఎత్తున స్తంభం, దానికి కట్టిన వెదురు గంప. దూది కూరిన తోలు చెండును ఆ గంపలో వెయ్యాలి. నీళ్ళతొట్టిలో చిల్లుగిన్నె వదులుతారు. అది మునిగేసరికి గడియ అయినట్టు, ఆట ముగిసినట్టు.

కాచన కూడా కుర్రతనంలో ఒకసారి ఆడాడు. అతను వేసిన ఒకే ఒక్క చెండు గంపను వదిలేసి పురోహితుడి పాయసం గిన్నెలో పడింది. "నేను గురి తప్పలేదు, గంపే చోటు మారింది" అని ఇప్పటికీ వాదిస్తాడు.

ఆ కాలంలో ఆటకు రాజు ఓబులు. పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్నాడు. ఒక్క గడియలో నలభై ఒక్క చెండ్లు వేసినవాడు. అతను చెండు పట్టుకుంటే అవతలి ఊరి వాళ్ళు కూడా మాటలు ఆపి చూసేవారు. కానీ ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ ఏటి పండగే అతనికి ఆఖరి ఆట.

ఆ రాజ్యంలో ఓ కట్టుబాటుంది. ఆట మానేసినవాడు మళ్ళీ మైదానంలో అడుగు పెట్టకూడదు. పూర్వపు ఘనులతో సమానుడని రాజు ఒప్పుకుని కాలికి వెండి కడియం తొడిగితే మాత్రం, ఆటగురువుగా బతికినంతకాలం అక్కడే ఉండవచ్చు.

పండగకు నాలుగు రోజుల ముందు ఓబులు కొలువుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజు వందిమాగధుల వైపు చూశాడు. వాళ్ళలో పెద్దవాడు భైరవుడు గొంతు సవరించుకుని అందుకున్నాడు. రాజుగారి తాత గజభూపతి ఒక్క గడియలో నూరు చెండ్లు వేశాడనీ, దేవతలు పైనుంచి పూలు వేశారనీ పాడాడు.

"విన్నావుగా?" అన్నాడు రాజు. "నూరు! నీవెన్ని?"

"నలభై ఒకటి, ఏలినవారూ."

"సగం కూడా కాదు. కడియం ఎలా ఇవ్వమంటావు? మా తాతగారు పైనుంచి చూస్తూ ఉండరూ?"

ఓబులు వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కాచన వెనకాలే బయటికి వచ్చాడు. ఓబులు ఏనుగుల శాల గోడకు చేరబడి మోకాలు రాసుకుంటున్నాడు.

"ఏరా తమ్ముడూ, కోపం వచ్చిందా?"

"కోపమెందుకన్నా. ఆ పెద్దాయన నూరు వేశాడంటే వేశాడు. నాకు కడియం మీద మోజు లేదు. కానీ ఆ మైదానంలోకి రాకూడదంటే పొద్దున్నే లేచి ఎక్కడికి పోను? కాళ్ళు వాటంతట అవే అటు నడుస్తాయి."

నవ్వించేవాడికి నోట మాట రాకపోవడం అంత అవమానం ఇంకోటి లేదు. కాచన ఆ అవమానాన్ని మోసుకుని, తాతగారి వస్తువులు దాచిన గదిలోకి పోయాడు. అతనికి కునుకు తీయాలనిపించినప్పుడల్లా పోయే చోటది. భక్తి కొద్దీ అక్కడ ఇంకెవరూ అడుగు పెట్టరు. చేతిలో నాలుగు జామపళ్ళున్నాయి. అవి ఎక్కడ పెట్టాలా అని చూసి, తాతగారు ఆడిన గంప వంకెకు వేలాడుతుంటే అందులో వేసి పడుకున్నాడు.

లేచి చూస్తే పళ్ళు గంపలోనే ఉన్నాయి.

కాచన ఒక పండు తీసి కొరికాడు. నమిలాడు. నమలడం ఆపాడు. గంప కిందికి వంగి చూశాడు. ఓబులు ఆడే గంపకు అడుగు ఉండదు, చెండు వేస్తే కిందికి జారిపోతుంది. తాతగారి గంపకు మాత్రం నిక్షేపంలాంటి అడుగుంది!

మర్నాడు కొలువులో కాచన అందరికన్నా ముందే లేచాడు.

"మహాప్రభూ! ఓబులు చేసింది చిన్న తప్పు కాదు. అంతటి తాతగారితో సమానం కావాలనుకుంటాడా? వాడికి బుద్ధి రావాలంటే ఒకటే దారి. పండగ రోజున తాతగారి గంపనే స్తంభానికి కట్టించండి. అందులో వేసి చూపించమనండి. తేలిపోతుంది."

రాజు మీసం దువ్వాడు. "బాగుంది. ఇన్నాళ్ళకు ఒక్క తెలివైన మాట మాట్లాడావు."

"పొరపాటున వచ్చి ఉంటుంది ప్రభూ, క్షమించాలి. ఒక్క మనవి. ఆ గంప పవిత్రమైనది. మీ వంశం వారి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి తగలకూడదు."

"ముమ్మాటికీ తగలకూడదు!" అన్నాడు రాజు, నిండు కొలువులో.

పండగ రోజు మైదానం కిటకిటలాడింది. రాజు స్వయంగా నిచ్చెన ఎక్కి గంప కట్టి దిగాడు. జనం చప్పట్లు కొట్టారు. గిన్నె నీళ్ళలో వదిలారు. ఓబులు చెండు వేశాడు. గంపలో పడింది. పడి, అక్కడే కూర్చుంది.

అందరూ కింద చూశారు. తర్వాత పైకి చూశారు.

"రాలేదేం?" అన్నాడు రాజు.

"గంపకు అడుగుంది ప్రభూ" అన్నాడు కాచన వినయంగా. "ఎవరో ఒకరు ఎక్కి తియ్యాలి. తమరు తప్ప ఇంకొకరి చెయ్యి తగలకూడదాయె."

నిండు కొలువులో అన్న మాట. రాజు నిచ్చెన ఎక్కాడు. చెండు తీసి కిందికి విసిరాడు, దిగాడు. ఓబులు వేశాడు. రాజు ఎక్కాడు. మూడోసారికి కిరీటం తీసి తలపాగా చుట్టుకున్నాడు. నాలుగోసారికి ఆయనకో ఉపాయం తోచింది.

"దిగడం ఎందుకు? నేనిక్కడే ఉంటాను. నువ్వు వెయ్యి!"

"ఏలినవారు ఎదురుగా ఉంటే ఎలా వెయ్యను?" అన్నాడు ఓబులు.

"ఆజ్ఞ!"

ఓబులు కళ్ళు మూసుకుని వేశాడు. చెండు రాజుగారి నుదుటికి తగిలి పక్కకు పోయింది. తలపాగా మాత్రం ఎగిరి చక్కగా గంపలో పడింది.

"ఇది లెక్కలోకి వస్తుందా ప్రభూ?" అని అడిగాడు కాచన.

జనం నోళ్ళకు పైపంచెలు అడ్డం పెట్టుకున్నారు. రాజు తలపాగా తీసుకుని దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఆరోసారి దిగి నిచ్చెన కింది మెట్టు మీద కూలబడేసరికి గిన్నె మునిగింది.

"ఆరు" అన్నాడు కాచన.

రాజు ఆయాసపడుతూ అన్నాడు. "నేను బరువైనవాణ్ణి. తాతగారికి చురుకైన బంటు ఉండి ఉంటాడు."

"ఉండే ఉంటాడు ప్రభూ. మీకన్నా మూడింతలు చురుకైనవాడు అనుకుందాం. పద్దెనిమిది. పోనీ, కోతినే పెట్టుకున్నారు అనుకుందాం. ముప్పై. గిన్నె మునగకుండా మాత్రం ఉండదు కదా."

రాజుగారి ముఖం ఎర్రబడింది. తన మెడ చుట్టూ గాలి చల్లగా తగులుతున్నట్టు అనిపించింది కాచనకు.

"అంటే మా తాతగారిది అబద్ధమంటావా?"

"ఆయన తన నోటితో నూరు అన్నట్టు ఎక్కడా లేదు ప్రభూ. ఓబులును అడగండి, ఆ గంపలో వెయ్యడం ఎలా ఉందో."

ఓబులు ముందుకొచ్చాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "కష్టం, ఏలినవారూ. చెండు వేసి, నిచ్చెన వేసి తీసేదాకా నిలబడాలి. చెయ్యి చల్లబడిపోతుంది. చల్లబడిన చేత్తో మళ్ళీ గురి చూడాలి. ఆ పెద్దాయన ఎన్ని వేశాడో గానీ నిజంగా గొప్పవాడు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది."

రాజు భైరవుడి వైపు తిరిగాడు.

"నిజం చెప్పు. ఎన్ని?"

ముసలి భైరవుడు సాష్టాంగపడ్డాడు. "మా తాత పన్నెండు అని పాడాడు ప్రభూ. ఏటేటా అదే అంకె పాడితే ప్రేమ తగ్గిందనుకుంటారని భయం. మా నాన్న కొన్ని కలిపాడు. నేను కొన్ని కలిపాను."

"పన్నెండా!"

రాజుగారి పొట్ట ముందు కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఆయన నిచ్చెన పట్టుకుని పగలబడి నవ్వాడు.

"కాచనా, నాకు ఏడో ఏట చెండు చేతికిచ్చారయ్యా. మొదటి గడియలోనే పదిహేను వేశాను! మా నాన్న నా ముఖం కూడా చూడలేదు. 'నూరు ఎక్కడ, పదిహేను ఎక్కడ' అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను చెండు ముట్టలేదు. పన్నెండటయ్యా, పన్నెండు!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇది కాచన అనుకున్నది కాదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు రాజు మెల్లగా.

"ఓబులుది ఒకటే లోపం ప్రభూ, ఇంకా బతికే ఉన్నాడు. అరవై ఏళ్ళు పోనిస్తే భైరవుడి మనవలు ఇతనికి మూడొందలు పాడతారు. అప్పుడు మీ మనవడు ఎలాగూ కడియం తొడగాలనుకుంటాడు, తొడగడానికి కాలు ఉండదు. కాలు ఉండగానే తొడిగితే బాగుంటుంది కదా అని."

రాజు వెండి కడియం తెప్పించాడు. ఆ అరిగిన మోకాలి ముందు తనే వంగి తొడిగాడు. ఓబులు ఆ సాయంత్రం ఇంటికి పోలేదు. పిల్లలకు చెండు పట్టుకోవడం చూపిస్తూ మైదానంలోనే ఉండిపోయాడు.

కాచనకు పట్టుశాలువా దక్కింది. దాంతో పాటు, తాతగారి గదిలో కునుకు తీసేందుకు అధికారికంగా అనుమతి కూడా.

మరుసటి ఏడు పండగకు భైరవుడు కొత్త పాట కట్టాడు. అందులో ముమ్మడి భూపతి ఆ నిచ్చెనను ఒక్క గడియలో నూరుసార్లు ఎక్కి దిగాడు, చెమట చుక్క కూడా పట్టలేదు. రాజు మీసం దువ్వుకుంటూ విన్నాడు. విని, ఓరకంట కాచన వైపు చూశాడు.

కాచన లేచి చేతులు జోడించాడు.

"తప్పు పాడావు భైరవా. పక్కనే ఉండి లెక్కపెట్టినవాణ్ణి. నూటొకటి."