లైలక్ పొద వదలని మార్గో

ఫ్రాన్స్‌లో, లువార్ నదికి కాస్త ఎడంగా ఒక చిన్న పల్లె. ఆ పల్లె చివర అర్మాన్ తాత తోట. మే నెల వచ్చిందంటే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. బఠాణీ తీగలు పుల్లల్ని పట్టుకుని పైకి పాకుతుంటాయి. రాతిగోడ పగుళ్లలో పచ్చటి పూలు తొంగిచూస్తాయి. గోడ పక్కన ఊదారంగు గుత్తులతో లైలక్ పొద విరగబూస్తుంది.

ఆ పొదలో నాలుగు గుడ్లు పొదుగుతోంది మార్గో. పేరుకు నల్లపిట్టే గానీ ఆ జాతిలో నలుపంతా మగవాటిదే. మార్గోది ఎండుటాకు రంగు. మాట మాత్రం మహా కారం.

ఒక ఉదయం గాస్పార్ అనే కాకి గోడ మీద వాలి గొంతు చించుకుంది.

"విన్నారా! తాత కొట్టంలో కూర్చుని పెద్ద కత్తెరకు సాన పడుతున్నాడు. రేపటికల్లా పొదలన్నీ నేలమట్టం. బతకాలనుంటే ఇవాళే ఎగిరిపోండి!"

గాస్పార్ ఎప్పుడూ తాత ఇంటి పొగగొట్టం మీద కూర్చుంటుంది. ఊరంతా దానికి కనిపిస్తుంది. అందుకే దాని మాటంటే తోటలో అందరికీ గురి. పక్క కంచెలో కాపురముంటున్న గువ్వ సుజెట్ గడగడా వణికింది.

"మరి నా గుడ్లో, మామా?"

"వాటి సంగతి నాకొదిలెయ్ తల్లీ. పెద్దవాణ్ణి, నేను చూసుకోనూ? నువ్వుంటే మళ్లీ పెడతావు. నువ్వే లేకపోతే?"

సుజెట్ ఒక్క ఎగురున మార్గో దగ్గరికొచ్చింది. "పద వదినా, పోదాం."

"కత్తెర చప్పుడు నేనూ విన్నాను. పొదలు నరుకుతానని తాత ఎవరితో అన్నాడు?"

"గాస్పార్ మామ చెబుతున్నాడుగా!"

"మామ చెబుతున్నాడు. తాత చెప్పలేదుగా."

"నీ మొండితనమే నీ కొంప ముంచుతుంది" అని ఏడుస్తూ సుజెట్ ఎగిరిపోయింది. రెండు తెల్లటి గుడ్లు గూట్లో దిక్కులేకుండా మిగిలాయి.

కాకి లైలక్ కొమ్మ మీదికి మారింది. "నీకు వేరే చెప్పాలా అమ్మాయ్?"

"చెప్పావు, విన్నాను. ఇక నీ పని చూసుకో మామా."

"కత్తెర పడ్డాక ఏడిస్తే లాభం లేదు."

"పడితే నా మీద పడుతుంది. నీకెందుకంత ఆరాటం?"

మర్నాడు పొద్దున్నే అర్మాన్ తాత వచ్చాడు. చేతిలో కత్తెర తళతళలాడుతోంది. నేరుగా లైలక్ పొద దగ్గరికే నడిచాడు. మార్గో రెక్కలు సగం విప్పింది. కింద గుడ్లు వెచ్చగా తగిలాయి. విప్పిన రెక్కల్ని మళ్లీ వాటి చుట్టూ సర్దుకుంది.

"పోను. ఏం చేస్తావో నా కళ్ల ముందే చెయ్యి."

జానెడు దూరంలో కత్తెర కచక్ మంది. ఒక పూలగుత్తి తెగింది. మళ్లీ కచక్. ఇంకో గుత్తి. మూడోదానికి చెయ్యి చాచిన తాత ఠక్కున ఆగిపోయాడు. ఆకుల మధ్య నుంచి గుండ్రటి కన్ను ఒకటి రెప్ప వాల్చకుండా అతన్నే చూస్తోంది.

"ఓహో, ఇంట్లోనే ఉన్నావా తల్లీ" అని గొణిగి వెనక్కి తగ్గాడు. అవతలి వైపు నుంచి మరో రెండు గుత్తులు కోసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆయనకు కావలసింది బల్ల మీద పెట్టుకోవడానికి నాలుగు పూలు. అంతే.

ఈ మాట సుజెట్‌కు చెప్పాలని మార్గో కంచె దగ్గరికి ఎగిరింది. గూట్లో పగిలిన పెంకులు తప్ప ఏమీ లేవు. పై కొమ్మ మీద గాస్పార్ ముక్కును బెరడుకేసి రుద్దుకుంటోంది. ముక్కు మొదట్లో పచ్చసొన ఇంకా ఆరలేదు.

మార్గోకు ఒళ్లు మండిపోయింది. మీద పడి పొడవాలనుకుంది. కానీ కాకి తనకు మూడింతలుంటుంది. కోపం దిగమింగుకుని తోట కలయజూసింది. స్ట్రాబెర్రీ మడి మీద తాత నిన్ననే సన్నటి పచ్చ వల పరిచాడు. అది ఆకుల్లో కలిసిపోయి పైకి కనబడదు. నిరుడు పండ్లకు ఆశపడి మార్గో అందులోనే రెండు తోక ఈకలు పోగొట్టుకుంది.

"మామా, నువ్వన్నదే నిజం. కత్తెర జానెడులో తప్పింది. ఇక ఇక్కడ ఉండలేను" అంది గొంతు వణికిస్తూ.

"మరి గుడ్లు?" కాకి మెడ సాచింది.

"పొదలో ఉంచితే దక్కవని స్ట్రాబెర్రీ ఆకుల కింద దాచాను. నువ్వే కాస్త కనిపెట్టి ఉండాలి."

"నిశ్చింతగా వెళ్లిరా తల్లీ."

ఇంత చిన్న పిట్ట నాలుగు గుడ్లను ఎలా మోసిందని అడగాలని కూడా కాకికి తోచలేదు. మార్గో అటు తిరిగిందో లేదో, ఇది ఇటు మడిలోకి దూకింది. కాళ్లు వలలో ఇరుక్కున్నాయి. రెక్కలు కొట్టింది. అవీ చిక్కుకున్నాయి. దాని అరుపులకు తోటలో పిట్టలన్నీ వచ్చి గోడ మీద వాలాయి. ఏటి ఒడ్డున దాక్కున్న సుజెట్ కూడా వచ్చింది.

"నా గుడ్లేవి మామా?"

సుజెట్ కంచె దాకా వెళ్లి, గూట్లో పగిలిన పెంకులు చూసుకుని తిరిగొచ్చింది. గాస్పార్ లైలక్ పొద వైపు తిరిగి కసిగా అరిచింది.

"మోసకారీ! నీ గుడ్లెక్కడే?"

"నా కిందే ఉన్నాయి. మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాయి" అంది మార్గో గూట్లోంచి.

కాసేపటికి తాత వచ్చి, తిట్టుకుంటూ వల కోసి కాకిని వదిలేశాడు. అది పైకి లేవడమే తడవు, సుజెట్ అందరికంటే ముందు దాని మీదికి దూసుకెళ్లింది. పిచ్చుకలు, గువ్వలు, నల్లపిట్టలు వెంటపడి ద్రాక్షతోటలు దాటేదాకా దాన్ని తరిమాయి. ఆ పొగగొట్టం మీద గాస్పార్ మళ్లీ వాలలేదు. ఆ వారంలోనే సుజెట్ కొత్త గూటికి పుల్లలేరడం మొదలుపెట్టింది.

పారిపొమ్మని తొందరపెట్టేవాడి మాట నమ్మేముందు, మనం పోతే వాడికి దక్కేదేమిటో చూసుకోవాలి.