ఆవకాయకి పెట్టిన పరీక్ష

గవర్రాజు ఇంటికి మించిన తెలివైన ఇల్లు మొగలిపేటలో లేదు. ఈ మాట అన్నది గవర్రాజే. వానొస్తే బావిలో నీళ్ళు తడిసిపోతాయని బావికి గొడుగు పట్టిన ఇల్లది. ఊళ్ళో ఇంకెవరికైనా తట్టిందా? తట్టలేదు!

అలాంటి గవర్రాజుకి కడుపులో మంట పట్టుకుంది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఆవకాయ మానెయ్" అన్నాడు. ఆవకాయ లేనిదే గవర్రాజుకి ముద్ద దిగదు. ముద్ద దిగని బతుకూ ఒక బతుకేనా?

"తప్పు ఆవకాయదేనని ఎలగ సెప్తారు బాబూ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

డాక్టరుకి విసుగొచ్చింది. "నీకు కవల కొడుకులున్నారుగా? ఒకడికి ఆవకాయ పెట్టు, ఒకడికి పెట్టకు. మిగతావన్నీ ఇద్దరికీ ఒకేలా ఉండాలి. నెల పోయాక ఎవడు సుఖంగా ఉన్నాడో చూద్దాం. అందాకా నువ్వు జాడీ ముట్టుకోకు."

కొడుకులు అప్పన్న, సింహాచలం. ఆవకాయ అప్పన్నకి, చప్పిడి పప్పు సింహాచలానికి. వడ్డన పని భార్య మంగాయమ్మది. మిగతావన్నీ ఒకేలా ఉంచే పని గవర్రాజుది.

మర్నాడే అప్పన్న కాలివేలు గడపకి కొట్టుకుంది. ఇంకేముంది! గవర్రాజు రోకలి తెచ్చి సింహాచలం వేలి మీద ఒక్కటి వేశాడు. "ఓలమ్మో!" అని వాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నానా, ఆడు నాకన్నా గట్టిగా అరిసేడు" అన్నాడు అప్పన్న బాధగా.

నిజమే కదా! అప్పన్న వేలి మీద ఇంకోటి పడింది. ఈసారి వాడి అరుపు పెద్దదైంది. మళ్ళీ సింహాచలం, మళ్ళీ అప్పన్న. పొద్దుగూకేసరికి ఇద్దరి అరుపులూ సమానమయ్యాయి.

ఆ కుంటు తగ్గకముందే సింహాచలం చెంప మీద తేనెటీగ కుట్టింది. గవర్రాజు అప్పన్నని భుజాన వేసుకెళ్ళి, మొహం తేనెపట్టులో పెట్టించాడు. ఈగలకి లెక్కలు తెలియవు కదా, పట్టంతా లేచి కుట్టింది. అంతే, సింహాచలాన్నీ మోసుకొచ్చి అదే పట్టు దగ్గర నిలబెట్టాడు. ఇద్దరి మొహాలూ గుమ్మడికాయలైపోయాయి.

ఆ మొహాలతోనే సింహాచలానికి పెళ్ళిచూపులు. పిల్ల నచ్చింది.

"మా ఇద్దరు గుంటలకీ ఈ పిల్లనే ఖాయం సెయ్యండి" అన్నాడు గవర్రాజు.

పిల్ల తండ్రి రామినాయుడు చేతికర్ర తీశాడు. దొరికింది అప్పన్న. వాడి వీపు విమానం మోత మోగింది. అప్పటికే వీధి చివరిదాకా పరిగెత్తిన గవర్రాజు వెనక్కొచ్చి, సింహాచలాన్ని ముందుకి తోసి దణ్ణం పెట్టాడు. "తమరికి పుణ్యముంటాది, ఈడికీ వెయ్యండి. లేకపోతే డాక్టరు బాబు ఒప్పుకోరు."

రామినాయుడు మంచి మనిషి, కాదనలేదు.

నెల తిరిగింది. ఇద్దరూ మూలుగుతూ డాక్టరు ముందు కూర్చున్నారు.

"సూడండి బాబూ! తిన్నోడూ మూలుగుతున్నాడు, తిననోడూ మూలుగుతున్నాడు. ఆవకాయ తప్పు ఇసుమంతైనా లేదు!" అన్నాడు గవర్రాజు.

డాక్టరు తల పట్టుకుని, "తినవయ్యా, తిను!" అన్నాడు.

గవర్రాజు ఇంటికి పరుగెత్తాడు. నోరూరిపోతోంది. మూత తీస్తే, జాడీ ఖాళీ!

"ఏటే ఇది?"

"ఒకడి కంచం ఎర్రగా, ఇంకోడి కంచం తెల్లగా ఉంటే ఒకేలాగ ఎలగుంటాయి? ఇద్దరికీ ఆవకాయే ఎట్టేను. మా అక్కింట్లో ఇంకో జాడీ ఉంది, తెమ్మంటావా?" అంది మంగాయమ్మ.

గవర్రాజు వేళ్ళు మడిచి లెక్కేశాడు. మరైతే తిననివాడెవడు? తనే! కడుపులో మంట లేదు, వాపు లేదు, మూలుగు లేదు. తిననివాడే సుఖంగా ఉన్నాడు! అంటే తప్పు ఆవకాయదేనా? వదినగారి జాడీ కూడా పోయినట్టేనా? భోరుమన్నాడు.

"ఏడవకు నానా," అన్నాడు సింహాచలం. "నీకు మిగతావన్నీ మాలాగ జరగలేదు కదా! జరిగితే నువ్వూ మూలుగుతావు. అప్పుడు ఆవకాయ తప్పుండదు."

గవర్రాజు మొహం వెలిగిపోయింది. ఎంతైనా తన రక్తం! కళ్ళు తుడుచుకున్నాడు. అప్పన్న తేనెపట్టు వెతకడానికి కుంటుకుంటూ వెళ్ళాడు. మంగాయమ్మ రామినాయుణ్ణి బతిమాలి తీసుకురావడానికి బయల్దేరింది.

"వచ్చేటప్పుడు మీ అక్క జాడీ మరిసిపోకే!" అని కేకేసి, గవర్రాజు రోకలి సింహాచలం చేతికిచ్చి కాలు గడప మీదికి చాపాడు.

"కానియ్‌రా సింహాచలం. గట్టిగా ఎయ్యి!"