పద్నాలుగు మంది లేచి నిలబడిన వ్యాసం

"సొంతంగా రాయడం అంటే ఏమిటి మాస్టారూ? పక్కవాళ్ళది చూసి రాయలేదు. ఎవరూ చెప్పి రాయించలేదు. కూర్చుని రాసింది నేనే. ఇంకేం సొంతం కావాలి?"

పలాస దగ్గర ఒక ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతి చదివే ఢిల్లేశ్వరి ఈ మాట అడిగినప్పుడు ఆమె గొంతులో సందేహం కన్నా ఉక్రోషమే ఎక్కువగా ఉంది. తెలుగు మాస్టారు అప్పలస్వామిగారు పిల్లలందరినీ "నేను మరచిపోలేని రోజు" అని వ్యాసం రాయమన్నారు. బాగా రాసిన ఒక్కరిని శ్రీకాకుళంలో జరిగే జిల్లా పోటీకి పంపుతారు. ఆ ఒక్కరూ తనేనని ఢిల్లేశ్వరికి ఎంత నమ్మకమంటే, జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళే వాళ్ళమ్మ పార్వతి తోటి ఆడవాళ్ళందరికీ అప్పుడే చెప్పేసుకుంది కూడా. తీరా వ్యాసం తిరిగి చేతికొచ్చాక చూస్తే, అడుగున మాస్టారు రాసింది ఒకటే ముక్క: సొంతంగా రాయి.

అడిగిన దానికి అక్కడికక్కడ జవాబు చెప్పే అలవాటు అప్పలస్వామి మాస్టారికి లేదు. "రేపు తరగతిలో చూద్దాం" అంటారు. అలా అని దాటేస్తారేమో అని కొత్తగా చేరిన పిల్లలు అనుకుంటారు. ఆయన దాటెయ్యరు.

మర్నాడు ఆయన రెండు నోటు పుస్తకాలు పట్టుకుని తరగతిలోకి వచ్చారు. "ఒక వ్యాసం చదువుతాను. ఎవరిదైతే వాళ్ళు లేచి నిలబడండి," అని మొదటి పుస్తకం తెరిచారు.

"ఆనాడు ఉదయాన్నే సూర్యభగవానుడు తన బంగారు కిరణాలతో మమ్మల్ని మేల్కొలిపాడు. మేమందరం ఎంతో ఉత్సాహంతో విహారయాత్రకు బయలుదేరాం. దారి పొడవునా ప్రకృతి అందాలు మా మనసులను పరవశింపజేశాయి…"

రెండో వాక్యం పూర్తికాకుండానే ఢిల్లేశ్వరి లేచి నిలబడింది. తన వ్యాసం అందరి ముందూ చదువుతున్నారు! అంతలో వెనకాల బల్ల కిర్రుమంది. తిరిగి చూస్తే సుభాషిణి నిలబడి ఉంది.

"కూర్చోవే, అది నాది," అంది ఢిల్లేశ్వరి నెమ్మదిగా.

"నీదేటి? నాది!"

ఈలోగా కిటికీ పక్కన ఇద్దరు లేచారు. గుమ్మం దగ్గర ముగ్గురు. లేచినవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ ఉండగానే ఇంకొందరు లేచారు. కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో తరగతి గది అంతా నవ్వు పాకిపోయింది. చివరికి నిలబడినవాళ్ళు కూడా నవ్వారు. ఢిల్లేశ్వరి మాత్రం నవ్వలేదు. చెవులు వేడెక్కిపోయాయి ఆమెకి.

"పద్నాలుగు మంది," అన్నారు మాస్టారు. కోప్పడలేదు. పుస్తకం అట్ట వాళ్ళకేసి తిప్పి చూపించారు. దానిమీద ఉన్నది ఆ పద్నాలుగు మందిలో ఎవరి పేరూ కాదు. పోయినేడు పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయిన పిల్ల పేరు.

ఎవరూ కూర్చోకముందే ఆయన రెండో పుస్తకం అందుకున్నారు.

"ఆ రోజు మా మేక మా చెల్లి టీసీ తినేసింది. పూర్తిగా తినలేదు, సగం తింది. మిగిలిన సగంలో చెల్లి పేరు లేదు, మా నాన్న పేరు ఉంది. హెడ్మాస్టారు ఆ ముక్క చూసి, దీని ప్రకారం నిన్నే ఆరో తరగతిలో చేర్చుకోవాలయ్యా అన్నారు. మా నాన్న నిజమనుకుని, నాకు పొలం పనుంది బాబూ అన్నాడు…"

ఆయన ఇంకా చదువుతూనే ఉన్నారు, తరగతిలో ఉన్న తలలన్నీ చివరి బల్లకేసి తిరిగిపోయాయి. అక్కడ దమయంతి రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుంది.

"ఎవరిదో వాళ్ళే లేవాలన్నాను కదా?" అన్నారు మాస్టారు.

"లేవక్కర్లేదు మాస్టారూ!" అని గది అదిరేలా అరిచారు పిల్లలు.

ఈసారి ఢిల్లేశ్వరి కూడా పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయింది. తను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా విహారయాత్రకి వెళ్ళలేదు. ఆ సంగతి రాసేటప్పుడు తనకి గుర్తే రాలేదు! మరి మరిచిపోలేని రోజంటే? అనుకోగానే రేషను కొట్టు కళ్ళముందుకొచ్చి నిలబడింది.

మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ భోజనానికి పరుగెత్తారు. ఢిల్లేశ్వరి వరండాలో చతికిలబడి రాయడం మొదలుపెట్టింది. జీడిపిక్కల సొన అంటి అంటి అమ్మ వేళ్ళమీద గీతలు అరిగిపోయాయి. రేషను కొట్టులో యంత్రం మీద వేలు పెడితే అది కుయ్యిమని కాదంది. అమ్మ వేలు చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. నాలుగుసార్లు. వెనకాల వరసలో జనం గొణిగారు. అమ్మ ఏడవలేక నవ్వింది. "కార్డులో పేరుందిగా పాపా, నువ్వు పెట్టు," అన్నాడు కొట్టతను. ఢిల్లేశ్వరి వేలు పెట్టిందో లేదో యంత్రం సరేనంది. బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని అమ్మ దారిలో కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పింది: "మా అమ్మి ఏలుకి బియ్యవిచ్చారే!" ఆ మాట దగ్గరకొచ్చేసరికి ఢిల్లేశ్వరి చెయ్యి ఆగలేదు. అక్షరాలు గీతలు దాటి ఎక్కడికో పరుగెత్తాయి. ఒకటి రాస్తుంటే పది గుర్తొస్తున్నాయి. ఆకలి గుర్తుకే రాలేదు.

పోటీకి దమయంతి పేరు పంపించేశారని సాయంత్రం సుభాషిణి వచ్చి చెప్పింది. అప్పటికి ఢిల్లేశ్వరి ఒక వాక్యం మధ్యలో ఉంది. "మంచిదేగా!" అని మళ్ళీ వంగి రాసుకుంది.

తెల్లారి బడి తలుపులు తీస్తుండగానే వచ్చి, రొప్పుతూ, కాగితాలు మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన అలవాటు ప్రకారం ఎర్ర కలం తీశారు. మొదటి పేజీలో ఒక చోట దిద్దారు, మరో చోట సున్నా చుట్టారు. పేజీ తిప్పారు. ఆ తరవాత కలం కాగితం మీద వాలలేదు. చివరి పేజీ అయిపోయాక ఆయన మళ్ళీ వెనక్కి తిప్పి ఒకచోట ఆగారు.

ఢిల్లేశ్వరి ఉండబట్టలేకపోయింది. "బాగుందా మాస్టారూ? తప్పులున్నాయా?"

అప్పలస్వామి మాస్టారు కలానికి మూత పెట్టారు.

"దిద్దుదామనే మొదలుపెట్టానమ్మా. రెండో పేజీకొచ్చేసరికి చదువుతున్నాను."